మాయా చదరం: పిల్లలకు ఒకటి దగ్గర మొదలుపెట్టాలా, నడిమి గడి దగ్గర మొదలుపెట్టాలా?

చింతగింజల టీచరు (చంద్రగిరి)

అందరికీ నమస్కారం. చంద్రగిరి పక్కన ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో నేను లెక్కలు చెబుతున్నాను. ఐదు, ఆరు తరగతుల పిల్లలకు మాయా చదరాలు, అంటే అడ్డంగా, నిలువుగా, కర్ణంగా ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చే అంకెల గళ్ళు, నేర్పబోయి ఎక్కడో దారి తప్పాను. ఎక్కడ తప్పానో ఇక్కడి పెద్దలు చెబుతారని రాస్తున్నాను.

నేను నేర్పిన పద్ధతి మీకందరికీ తెలిసినదే. పై అడ్డు వరుసలో నడిమి గడిలో 1 వేయాలి. అక్కడి నుంచి కుడివైపుకు ఒక గడి, పైకి ఒక గడి చొప్పున ఏటవాలుగా ఎక్కుతూ 2, 3, 4 వేసుకుంటూ పోవాలి. పై అంచు దాటితే ఆ నిలువు వరుస అడుగుకు, కుడి అంచు దాటితే ఆ అడ్డు వరుస ఎడమ చివరకు రావాలి. వెళ్ళవలసిన గడి అప్పటికే నిండి ఉంటే, ఉన్న గడికి సరిగ్గా కింది గడిలో తరువాతి అంకె వేయాలి. రెండు రోజుల్లో పిల్లలు వరుసకు ఐదు గళ్ళున్న చదరాన్ని కూడా నింపేసి, ఎటు కూడినా 65 వస్తున్నదని గంతులు వేశారు. మూడో రోజు బోర్డు మీద ఈ చదరం వేసి, ఖాళీలు నింపమన్నాను.

11 – 9
– 8 –
– – –

సగం తరగతి ఏమాత్రం సందేహించకుండా పై వరుస నడిమి గడిలో 1 వేసింది. ఎందుకని అడిగితే, "ఒకటి అక్కడే కదా టీచర్ పెట్టాలి" అన్నారు. 11, 1, 9 కలిపితే 21 వస్తుంది, మరి మిగిలిన వరుసలకు కూడా 21 రావాలి కదా అంటే, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్ద చదరాన్ని కట్టగలిగిన పిల్లలు చిన్న చదరాన్ని ఎందుకు విప్పలేకపోయారు? నేను దేనితో మొదలుపెట్టి ఉండవలసింది?

లెక్కల తాతయ్య (పుత్తూరు)

అమ్మా, పిల్లల తప్పు ఇందులో లేదు. మీరు వారికి నడక నేర్పారు, ఎక్కడికి నడుస్తున్నారో చెప్పలేదు. ఆ పద్ధతిలో కూడిక అవసరమే రాదు, చదరమంతా నిండేదాకా పిల్లవాడు ఒక్క మొత్తాన్నీ చూడనక్కరలేదు. విప్పడంలో మాత్రం మొదటి అడుగు నుంచీ మొత్తమే దిక్కు.

నేను పనిలో ఉన్న రోజుల్లో ఇలా చేసేవాణ్ణి. చదరం గీయకముందే 1 నుంచి 9 వరకు చీటీలు పంచి, మూడు చీటీలు కలిపితే 15 వచ్చే జట్లన్నీ వెతికి రాయమనేవాణ్ణి. 15 ఎందుకని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అప్పుడు తొమ్మిదీ కూడితే 45 అని, మూడు అడ్డు వరుసలూ కలిసి ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కసారే తీసుకుంటాయని, కాబట్టి వరుసకు 15 అని వారిచేతే చెప్పించాలి. జట్లు ఎనిమిదే ఉన్నాయి: 1-5-9, 1-6-8, 2-4-9, 2-5-8, 2-6-7, 3-4-8, 3-5-7, 4-5-6. తరువాత చదరం గీసి, ఇందులో వరుసలు ఎన్నో లెక్కపెట్టమనాలి. అడ్డువి మూడు, నిలువువి మూడు, కర్ణాలు రెండు, మొత్తం ఎనిమిది. ఎనిమిది జట్లకు ఎనిమిది వరుసలు సరిపోవడం చూసి పిల్లలు అప్రయత్నంగా ముందుకు వంగుతారు.

అసలు రుచి దీని తరువాత ఉంది. ఏ అంకె ఎన్ని జట్లలో వచ్చిందో లెక్కపెట్టిస్తే, 5 నాలుగు జట్లలోను, సరి సంఖ్యలు 2, 4, 6, 8 మూడేసి జట్లలోను, మిగిలిన బేసి సంఖ్యలు 1, 3, 7, 9 రెండేసి జట్లలోను కనిపిస్తాయి. చదరంలో నడిమి గడి మీదుగా నాలుగు వరుసలు పోతాయి, మూల గడి మీదుగా మూడు, పక్క నడిమి గడి మీదుగా రెండు. ఎవరి పీట ఎక్కడో వారే తెలుసుకుని కూర్చుంటారు, మనం ఏమీ చెప్పనక్కరలేదు. నడుమ 5, మూలల్లో సరి సంఖ్యలు. మీరు నేర్పిన పద్ధతిలో 1 పై వరుస నడుమకు వెళ్ళడానికి కారణం కూడా ఇదే, 1కి రెండే జట్లున్నాయి కనుక అది మూలలో కూర్చోలేదు.

బంగారుపాళ్యం మాస్టారు

తాతయ్యగారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. కారణం ముందు, కౌశలం తరువాత అనే క్రమం మంచి పిల్లలకు మంచిదే. కూడికకే జంకే పిల్లవాడికి మాత్రం ఒక ఐదు గళ్ళ చదరాన్ని తన చేత్తో పూర్తిచేసిన గర్వం ముందు దక్కాలి. నా తరగతిలో మూడేళ్ళుగా వెనుక బల్ల వదలని ఒక అబ్బాయి ఈ ఏటవాలు నడకతోనే మొదటిసారి బోర్డు దగ్గరకు వచ్చాడు.

పైగా ఆ పద్ధతి మనదే. ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ 1687లో సయాం దేశానికి పంపిన రాయబారి సిమోన్ ద లా లూబేర్ తిరుగు ప్రయాణంలో ఓడ మీద మాయా చదరాలు కడుతూ కూర్చుంటే, విన్సెంట్ అనే తోటి ప్రయాణికుడు చూసి, సూరత్‌లోని భారతీయులు వీటిని ఇంతకంటే చాలా తేలికగా కడతారని ఈ పద్ధతి చెప్పాడు. లూబేర్ దాన్ని తన పుస్తకంలో రాయడంతో యూరపులో అది సయాం పద్ధతిగా పేరు పడింది. దానికి మూడు వందల ఏళ్ళకు పైగా ముందే, 1356లో, నారాయణ పండితుడు గణితకౌముదిలో ఒక అధ్యాయమంతా భద్రగణితానికి, అంటే మాయా చదరాల లెక్కకు, కేటాయించాడు. సూరత్ సరుకుకు సయాం ముద్ర పడిందన్నమాట.

కొర్లగుంట అమ్మ (తిరుపతి)

నేను టీచరును కాను, మా బాబు ఐదో తరగతి. మీ మాటలు చదువుతుంటే మా పూజగదిలో ఉన్న కుబేర యంత్రం గుర్తుకు వచ్చింది. తమిళనాడు వైపు నుంచి వచ్చిన మా అత్తగారు శుక్రవారం శుక్రవారం ఇదే అంకెలతో గడపలో కుబేర ముగ్గు వేస్తారు.

27 20 25
22 24 26
23 28 21

ఇందులో 1 లేదు, 5 లేదు. ఎటు కూడినా 72 వస్తుందని మాత్రం బాబు కనిపెట్టాడు. ఈ అంకెలే ఎందుకమ్మా అని అడిగితే, స్వామి పెళ్ళికి అప్పు ఇచ్చినవాడి లెక్క నాకేం తెలుసురా అని నవ్వేశాను. వాడు ఊరుకోవడం లేదు. మీరెవరైనా చెప్పగలరా?

ముగ్గులపిట్ట (తిరుపతి)

అమ్మా, ప్రతి అంకెలోనూ 19 తీసివేసి రాయమనండి. బాబే చెబుతాడు.

8 1 6
3 5 7
4 9 2

టీచరుగారి పద్ధతిలో 1తో మొదలుపెట్టి కట్టే చదరమే ఇది, గడి గడికీ సరిపోయింది. వరుసకు మూడు గళ్ళున్నాయి, ప్రతి గడికీ 19 పెరిగింది, కాబట్టి మొత్తానికి 57 పెరిగి 15 కాస్తా 72 అయింది. బోర్డు మీది 11, 8, 9 చదరం కూడా ఇదే కుటుంబానిది, 3 తీసివేసి చూడండి.

శ్రీకాళహస్తి వెళ్ళినవారు నవగ్రహ యంత్రాలు అమ్మే రేకులు చూసే ఉంటారు. సూర్యుడిది 15, చంద్రుడిది 18, కుజుడిది 21, అలా మూడేసి పెరుగుతూ రాహువుది 36, కేతువుది 39. తొమ్మిది యంత్రాలు వేరువేరుగా కనిపించినా, ఒక్కో గ్రహానికి ప్రతి గడిలో 1 చొప్పున కలుపుకుంటూ పోయిన ఒకే చదరం అది. 27 మొత్తం వచ్చే గురు యంత్రాన్ని చూపకుండా, సూర్య యంత్రం ఒక్కటే ఇచ్చి గురు యంత్రం కట్టమంటే ఐదో తరగతికి చక్కని అభ్యాసం.

మామిడితోట (చిత్తూరు)

లెక్క బాగుంది. అయితే తరగతి గదిలోకి యంత్రాలను తీసుకురావడం నాకు నచ్చలేదని చెప్పక తప్పదు. "మాయా" అన్న పేరుతోనే సగం పొగమంచు కమ్ముతోంది, దానికి రాహుకేతువులను కూడా కలిపితే, 15 రావడం ఏదో మహిమ వల్ల అని పిల్లలు అనుకుంటారు. ఎందుకని అడిగే నోరు అక్కడ మూతపడుతుంది.

కొర్లగుంట అమ్మ (తిరుపతి)

అయ్యా, మా ఇంట్లో ఆ నోరు మూతపడలేదు, నాకు అన్నం వండుకునే తీరిక కూడా ఇవ్వడం లేదు. 19 తీసివేసి చూసిన తరువాత వాడు 100 కలిపి సొంతంగా ఒక చదరం కట్టి, మొత్తం 315 అని వాళ్ళ నాయనమ్మకు చూపించాడు. ఆవిడ దాన్ని కూడా పసుపు రాసి పెడదామా అని అడిగారు, అది వేరే సంగతి.

లెక్కల తాతయ్య (పుత్తూరు)

మామిడితోటవారి భయం న్యాయమైనదే. దానికి విరుగుడు మన పాత పుస్తకంలోనే ఉంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అనే అధ్యాయం రాశాడు. అది సుగంధాలు కలిపేవారి పనికి సంబంధించినది. అగరు మొదలైన 16 ద్రవ్యాలను నాలుగు గళ్ళ చదరంలో అమర్చి, ఏది ఎన్ని పాళ్ళు వేయాలో ఆ గడిలోనే చెప్పాడు.

2 3 5 8
5 8 2 3
4 1 7 6
7 6 4 1

ఏ వరుసలోని నాలుగు ద్రవ్యాలు తీసుకున్నా, అడ్డంగా గాని, నిలువుగా గాని, కర్ణంగా గాని, 18 పాళ్ళే అవుతాయి. ఎటు చూసినా మేలే కనుక సర్వతోభద్రం అన్నారు. ఇక్కడ 1 నుంచి 8 వరకు అంకెలు రెండేసిసార్లు వచ్చాయి కాబట్టి, పాఠ్యపుస్తకపు నియమం ప్రకారం ఇది నిఖార్సైన మాయా చదరం కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కాని పిల్లలకు దీనిలో ఒక మంచి సంగతి కనిపిస్తుంది. ఇది గోడకు తగిలించుకోవడానికి వేసిన చదరం కాదు, కొలతపాత్ర పట్టుకుని నిలబడినవాడు పని తేలిక కోసం వేసుకున్న చదరం. టీచరుగారూ, చెంచాలతో చింతపండు రసం, బెల్లం నీళ్ళు, నిమ్మరసం, ఉప్పునీళ్ళు కొలిపించినా ఈ పాఠం నడుస్తుంది, రుచికి మాత్రం నేను పూచీ పడను.

చింతగింజల టీచరు (చంద్రగిరి)

మీరందరూ చెప్పినవి ఈ వారమంతా ప్రయత్నించాను. జరిగింది రాస్తున్నాను.

మొదటి రోజు చీటీలు పంచాను. జట్లు వెతకడంలో చాలామంది ఆరో ఏడో దొరికాక ఆగిపోయారు. ఎనిమిది ఉన్నాయని చెప్పకుండా, ఇంకేమీ లేవని ఎలా చెప్పగలరని మాత్రం అడిగాను. అప్పుడు ఒక అమ్మాయి పెద్ద అంకె నుంచి మొదలుపెట్టింది. 9 తీసుకుంటే మిగిలిన రెండూ కలిపి 6 కావాలి, అది 1, 5 లేదా 2, 4 తప్ప మరోలా రాదు. 8 తీసుకుంటే 7 కావాలి. అలా దిగుతూ వచ్చి, ఎనిమిదితో ముగించి, "ఇంక లేవు టీచర్, నేను చూసేశాను" అంది. లెక్కల్లో రుజువు అంటే ఏమిటో నేను ఇన్నాళ్ళూ చెప్పినదానికంటే ఆ మాట తేటగా ఉంది.

తరువాత ఇద్దరేసి కూర్చుని ఆడే ఆట ఒకటి పెట్టాను. తొమ్మిది చీటీలు బల్ల మీద విప్పి పరిచి ఉంటాయి, ఒకరి తరువాత ఒకరు ఒక్కొక్క చీటీ తీసుకుంటారు, ఎవరి దగ్గర ముందుగా 15 అయ్యే మూడు చీటీలు చేరితే వారు గెలిచినట్టు. పది నిమిషాల్లో అందరూ మొదట 5 కోసం ఎగబడడం మొదలుపెట్టారు. అప్పుడు బోర్డు మీద మూడు గళ్ళ చదరం వేసి, మీరు తీసుకున్న అంకెలకు ఇంటూ, సున్నా గుర్తులు పెట్టండి అన్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం, తరువాత తరగతి అంతా గోల. వారు ఆడుతున్నది రోజూ ఇసుకలో గీసి ఆడే ఇంటూ–సున్నా ఆటే.

రెండు ఇబ్బందులు మిగిలాయి. మొదటిది, పిల్లలు అడ్డు, నిలువు వరుసలు చూసి కర్ణాలు మరచిపోతున్నారు. రెండోది నా స్వయంకృతం. బజారులో కొన్న ఒక వర్క్‌షీటులో, 40 మొత్తం వచ్చేలా మూడు గళ్ళ చదరాన్ని పూర్ణసంఖ్యలతో నింపమని ఉంది. నేను ముందుగా చేసి చూడకుండా పంచేశాను. పావుగంట సేపు పిల్లలూ నేనూ కలిసి తుడిపాము, రాశాము, మళ్ళీ తుడిపాము.

మామిడితోట (చిత్తూరు)

ఆ 40 వల్ల మీకు మేలే జరిగింది, దాన్ని దాచిపెట్టకండి. ఏ మూడు గళ్ళ చదరమైనా సరే, నడిమి అడ్డు వరుసను, నడిమి నిలువు వరుసను, రెండు కర్ణాలను కూడండి. నాలుగు మొత్తాలు వస్తాయి. ఆ కూడికలో ప్రతి గడీ ఒక్కసారి వచ్చింది, నడిమి గడి మాత్రం అదనంగా మూడుసార్లు వచ్చింది. తొమ్మిది గళ్ళూ కలిస్తే మూడు మొత్తాలు కాబట్టి, మిగిలిన ఒక మొత్తం నడిమి గడికి మూడింతలు. అంకెలు ఏవైనా, మొత్తం ఎప్పుడూ నడిమి గడికి మూడు రెట్లే. 40ని 3 నిశ్శేషంగా భాగించదు, కాబట్టి పూర్ణసంఖ్యలతో ఆ చదరం ఎవరికీ రాదు. వర్క్‌షీటు అచ్చువేసినవారు కూడా చేసి చూసుకోలేదన్నమాట. భిన్నాలు నేర్చిన పిల్లలుంటే, నడుమ 40/3 వేసి కట్టి చూపమనవచ్చు.

మీ బోర్డు మీది చదరంలో 8 కనిపిస్తోంది కనుక మొత్తం 24. ఇక 11కు ఎదురు మూలలో 5, 9కి ఎదురు మూలలో 7, పై నడుమ 4, మిగిలినవి వాటంతట అవే పడతాయి. కర్ణం మరచిపోయే పిల్లవాడికి ఇక్కడ మొదటి అడుగే కర్ణంతో పడుతుంది, అందుకే నడిమి గడి, రెండు మూలలు ఇచ్చిన లెక్కలే ముందుగా ఇవ్వండి. ఏ అంకెలు తెరిచి ఉంచాలో ఎంచడంలోనే మన పనితనం ఉంది.

బంగారుపాళ్యం మాస్టారు

విప్పడం విషయంలో ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను, కట్టడం విషయంలో ఇంకా బరిలోనే ఉన్నాను. నాలుగు గళ్ళ చదరానికి ఏటవాలు నడక పనికిరాదు, అయితే అంతకంటే తేలికైన దారి ఉంది. 1 నుంచి 16 వరకు వరుసగా రాసి, రెండు కర్ణాల మీది అంకెలను మాత్రం ఎదురు కొసల నుంచి తారుమారు చేస్తే చాలు. 1 స్థానంలో 16, 6 స్థానంలో 11, 4 స్థానంలో 13, 7 స్థానంలో 10, అలాగే మిగిలినవి.

16 2 3 13
5 11 10 8
9 7 6 12
4 14 15 1

ఎటు కూడినా 34. తిప్పినా, అద్దంలో చూసినా వచ్చేవాటిని వేరుగా లెక్కపెట్టకపోతే, 1 నుంచి 9 వరకు అంకెలతో మూడు గళ్ళ చదరం ఒక్కటే ఉంది. నాలుగు గళ్ళకు వచ్చేసరికి అలాంటివి 880 ఉన్నాయని ఫ్రెనికిల్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు లెక్కపెట్టిన జాబితా 1693లో వెలువడింది. కంప్యూటరు లేదు, కాలిక్యులేటరు లేదు.

డిసెంబరు 22 గణిత దినోత్సవానికి నేను ఏటా చేయించేది మాత్రం పుట్టినరోజు చదరం. రామానుజన్ పుట్టిన తేదీ 22-12-1887 పై వరుసగా ఉన్న ఈ చదరం చాలామంది చూసే ఉంటారు.

22 12 18 87
88 17 9 25
10 24 89 16
19 86 23 11

మొత్తం 139. పై వరుసలోని నాలుగింటిని క్రమంగా రోజు, నెల, శతాబ్ది, ఏడు అని పిలుచుకుంటే, రెండో వరుసలో ఏడుకు 1 కలిపి, శతాబ్దిలో 1 తీసి, నెలలో 3 తీసి, రోజుకు 3 కలపాలి. మూడో వరుసలో నెలలో 2 తీసి, రోజుకు 2 కలిపి, ఏడుకు 2 కలిపి, శతాబ్దిలో 2 తీయాలి. నాలుగో వరుసలో శతాబ్దికి 1 కలిపి, ఏడులో 1 తీసి, రోజుకు 1 కలిపి, నెలలో 1 తీయాలి. కలిపినవీ తీసినవీ ప్రతి వరుసలోనూ సరిగ్గా రద్దవుతాయి, ఎందుకు 139 తప్పడం లేదో పిల్లలే పట్టుకుంటారు.

లెక్కల తాతయ్య (పుత్తూరు)

చక్కగా చెప్పారు మాస్టారూ. ఒక్క మనవి. రామానుజన్ తన రెండో నోటు పుస్తకాన్ని మాయా చదరాల అధ్యాయంతోనే మొదలుపెట్టాడని పిల్లలకు తప్పక చెప్పండి. ఈ పుట్టినరోజు చదరాన్ని మాత్రం ఆయన వేసినదని చెప్పకుండా, ఆయన పుట్టిన తేదీతో వేసినది అంటే చాలు. వాట్సాపులో వచ్చే ప్రతిదీ నోటు పుస్తకంలోది కాదు.

కొర్లగుంట అమ్మ (తిరుపతి)

మాస్టారుగారూ, మీ పద్ధతి మా ఇంట్లో పెద్ద పంచాయితీ తెచ్చింది. మా బాబు పుట్టింది 05-03-2015.

5 3 20 15
16 19 0 8
1 7 17 18
21 14 6 2

మొత్తం 43 సరిగ్గానే వచ్చింది, అయితే నడుమ సున్నా పడింది. సున్నా వేయవచ్చా అని వాడి గొడవ. ఏడో తరగతి చదువుతున్న మా అన్న కూతురు పుట్టింది 26-01-2014. దానికి ఇలా వచ్చింది.

26 1 20 14
15 19 –2 29
–1 28 16 18
21 13 27 0

మొత్తం 61 అయింది, కాని రుణ సంఖ్యలు రెండు, సున్నా ఒకటి. తన చదరం పాడైపోయిందని అది అలిగి కూర్చుంది.

బంగారుపాళ్యం మాస్టారు

అమ్మా, జనవరిలో, ఫిబ్రవరిలో పుట్టిన పిల్లలను నేను ప్రత్యేకంగా ముందుకు పిలుస్తాను. నెలలో 3 తీయాలి కాబట్టి రుణ సంఖ్యలు వారికే తప్పకుండా దక్కుతాయి. 15కు 19 కలిపి, 2 తీసి, 29 కలిపితే 61 అవుతుందని అమ్మాయి చేతే కూడించండి. రుణ సంఖ్యలు నేర్పడానికి అప్పు, లాభనష్టాలు, ఉష్ణోగ్రత అని మనం ఎన్ని ఉదాహరణలు వెతుకుతామో, తన పుట్టినరోజులో దొరికిన –2 అన్నింటికంటే బాగా గుర్తుంటుంది. చదరం పాడైనట్టు చెప్పవలసింది ఒకే అంకె రెండుసార్లు వచ్చినప్పుడు. 14వ తేదీన, 2014లో పుట్టినవారికి పై వరుసలోనే ఆ చిక్కు వస్తుంది. దానికి నా దగ్గర మందు లేదు, తమ్ముడి పుట్టినరోజు తీసుకోమంటాను.

ముగ్గులపిట్ట (తిరుపతి)

నాలుగు గళ్ళ మాట వచ్చింది కాబట్టి ఖజురాహోలోని పార్శ్వనాథ ఆలయం మీద చెక్కిన చదరాన్ని కూడా పిల్లల ముందు పెట్టండి.

7 12 1 14
2 13 8 11
16 3 10 5
9 6 15 4

వరుసలూ కర్ణాలూ 34 అని చెప్పి ఊరుకోండి, ఇంకా ఎక్కడెక్కడ 34 దాగి ఉందో వెతకమనండి. పక్కపక్కనున్న నాలుగు గళ్ళను ఎక్కడ గిరిగీసినా 34 వస్తుంది, అలాంటి చిన్న చదరాలు తొమ్మిది ఉన్నాయి. మూలలు నాలుగూ కలిపినా అంతే. నేను ముగ్గులో చుక్కలు పెట్టి ఈ నాలుగేసి గళ్ళను మెలికలు తిప్పుతూ కలుపుతుంటాను.

చింతగింజల టీచరు (చంద్రగిరి)

ఈ వారం ఒక కొత్త చిక్కు. జట్లన్నీ వెతికిన ఆ అమ్మాయి, మూడు అయింది, నాలుగు అయింది, ఐదు అయింది, ఆరు గళ్ళది ఎప్పుడు అని అడుగుతోంది. రెండు గళ్ళది ఎందుకు కుదరదో తానే చెప్పింది, ఒకే గడితో పక్కదాన్ని కలిపినా కిందిదాన్ని కలిపినా అదే మొత్తం రావాలంటే ఆ రెండూ ఒకటే కావాలి కదా అని. ఆరు గళ్ళకు ఏటవాలు నడకా పనిచేయలేదు, కర్ణాల తారుమారు కూడా పనిచేయలేదు. నేను ఏం చెప్పాలి?

లెక్కల తాతయ్య (పుత్తూరు)

నారాయణ పండితుడు చదరాలను మూడు తెగలుగా విడదీశాడు. వరుసలోని గళ్ళు నాలుగు భాగిస్తే సమగర్భం, రెండు భాగించి నాలుగు భాగించకపోతే విషమగర్భం, బేసి అయితే విషమం. ఆరు గళ్ళది విషమగర్భం, మూడింటిలో మొండిఘటం అదే. అయినా మీ పిల్లలకు కావలసిన సరంజామా కుబేరుడే ఇచ్చాడు.

మూడు గళ్ళ చదరాన్ని నాలుగు మూలలా నాలుగుసార్లు వేయించండి. పైన ఎడమది ఉన్నదున్నట్టు, కింద కుడిదానికి ప్రతి గడిలో 9 కలిపి, పైన కుడిదానికి 18 కలిపి, కింద ఎడమదానికి 27 కలిపి. 1 నుంచి 36 వరకు అన్నీ ఒక్కొక్కసారే వస్తాయి. నిలువుగా కూడితే అప్పటికే ప్రతి వరుసా 111. అడ్డంగా మాత్రం పై మూడు వరుసలు 84, కింది మూడు వరుసలు 138. పైవాటికి 27 తక్కువ, కిందివాటికి 27 ఎక్కువ. ఎడమ పక్కన పైనున్న అంకెకూ సరిగ్గా దాని స్థానంలో కిందనున్న అంకెకూ ఉన్న తేడా కూడా 27. కాబట్టి వరుసకు ఒక జత చొప్పున మూడు జతలను పైకీ కిందకీ మార్చుకుంటే చాలు, నిలువు మొత్తాలు చెదరవు. ఏ మూడు జతలో నేను రాయను, టీచరుగారూ, మీరు కూడా చెప్పవద్దు.

చింతగింజల టీచరు (చంద్రగిరి)

చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం బడి వదిలాక అమ్మాయి, ఇంకో ఇద్దరు వరండాలో కూర్చున్నారు. ముందు ఎడమ చివరి నిలువు వరుస మొత్తం మార్చేసింది, 8కి 35, 3కి 30, 4కి 31. అడ్డు, నిలువు అన్నీ 111 వచ్చేశాయి. గెలిచానని లేచింది. పక్కనున్న అబ్బాయి కర్ణాలు చూడలేదు అన్నాడు. ఈ ఏడాది కర్ణాలు మరచిపోయినవారిలో మొదటివాడు వాడే. ఒక కర్ణం 84, రెండోది 138 వచ్చాయి.

చాలాసేపు చూసి, ఇక్కడా 27 తక్కువ, అక్కడా 27 ఎక్కువ అని అమ్మాయి తనలో తాను అనుకుంది. 3, 30 లను మళ్ళీ వాటి చోటికి పంపి, వాటి పక్కనున్న 5, 32 లను మార్చింది. 5 ఒక కర్ణం మీద, 32 మరో కర్ణం మీద ఉన్నాయి కదా, రెండూ ఒకేసారి సర్దుకున్నాయి.

35 1 6 26 19 24
3 32 7 21 23 25
31 9 2 22 27 20
8 28 33 17 10 15
30 5 34 12 14 16
4 36 29 13 18 11

కాగితం తరగతి గోడకు అంటించాను. రెండో వరుసలో 3 దగ్గర రబ్బరుతో చెరిపిన మరక అలాగే ఉంది, శుభ్రంగా మళ్ళీ రాసి ఇమ్మని నేను అడగలేదు.